మొహమాటానికి పోయిన చెవి

నా ఎడమ చెవి పాటల వల్ల పోలేదు. ఈ మాట మెల్‌బోర్న్ పడమటి వైపున్న తెలుగువాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే ఒక్కసారే రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరైనా గుడిలోనో ఇండియన్ షాపులోనో నన్ను ఆపి "ఆ రాక్షస సంగీతం మానెయ్యొచ్చు కదమ్మా" అంటే, ఇది చదవమని చెప్పి నా బెండకాయలు నేను ఏరుకుంటాను.

ఇంకో కారణం కూడా ఉంది. మీలో ఎవరైనా ఒక పొద్దున్న లేచేసరికి ఒక చెవి మూగబోయి ఉంటే, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీ ఇంటి పార్టీలకి వచ్చే డాక్టరు దగ్గరికి కాదు. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి, చెవిలో లైటు వేసి చూసే డాక్టరు దగ్గరికి.

ఫిబ్రవరి

నా పేరు మాధురి. మాది కాకినాడ. ఇప్పుడు మెల్‌బోర్న్ పడమటి కొసన ట్రుగనీనాలో ఉంటున్నాం, నేనూ, మా ఆయన ఫణీ, ఏడో తరగతి చదివే మా అమ్మాయి హాసినీ. ఇంటికి అటూ ఇటూ మనలాంటివాళ్ళే, కాస్త దూరం పోతే గోదాములు. ఆ నెలలో మా అత్తయ్య కూడా ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు.

నాకు హెవీ మెటల్ పిచ్చి. ఇంజనీరింగ్ హాస్టల్లో నా గదిలో ఉన్న షిల్లాంగ్ అమ్మాయి అంటించింది. ఆ బ్యాండు పేరు ఇక్కడ రాయను, రాస్తే అత్తయ్య ఫోన్లో వెతికి వాళ్ళ ఫొటోలు చూసి మూడు రోజులు అన్నం మానేస్తారు. ఎక్కడో చలిదేశం నుంచి వచ్చిన నలుగురు మగాళ్ళు, జుట్టు నడుముదాకా. వాళ్ళ పాట ఒకటి ఉంది. అందులో ఎడమ గిటారు ఒక ప్రశ్న అడుగుతుంది, కుడి గిటారు జవాబు చెబుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తలకి ఈ పక్కనుంచి ఒకడు, ఆ పక్కనుంచి ఇంకొకడు, మధ్యలో నేను. నా పెళ్ళికి ముందురోజు, డెలివరీకి వెళ్ళే కార్లో, ఇక్కడ మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు బయట కూర్చుని విన్నది ఆ పాటే.

వాళ్ళు ఒకసారి బెంగుళూరు వచ్చారు. బస్సు టిక్కెట్టు కూడా తీసుకున్నాను. నాన్న "ఆడపిల్ల ఒక్కత్తీ ఆ తాగుబోతుల మధ్యకా" అన్నారు, అంతే. ఇన్నేళ్ళకి ఆగస్టులో మెల్‌బోర్న్ వస్తున్నామని, ఇదే తమ ఆఖరి టూరని ప్రకటించారు. గాయకుడికి అరవై దాటింది, ఇంక వాళ్ళు మళ్ళీ రారు. నా ఒక్కదానికే టిక్కెట్టు కొని, ఫ్రిజ్ మీద కాగితం అంటించాను. హాసిని చూసి "అమ్మా, యూ ఆర్ సో ఎంబరాసింగ్" అంది. నాకు ఒళ్ళంతా సంతోషం.

ఆ వారంలోనే ఒక పొద్దున్న లేచాను, ఎడమ చెవిలో దూది కుక్కినట్టుంది. కుక్కరు కూతకి ముందు వచ్చే సుయ్‌మనే చప్పుడు మాత్రం లోపల ఆగకుండా వస్తోంది. మంచం దిగితే గది తిరిగింది. గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్ళాను.

"ఫణీ, నాకు ఈ చెవి అస్సలు వినపడట్లేదు."

"ఏసీ పడుకునేటప్పుడు ఆపమంటే వినవు కదా. జలుబు చేసుంటుంది," అన్నాడు ఫణి. తర్వాత కాస్త ఆలోచించి, "శనివారం ఫ్రెండు వాళ్ళ పిల్లాడి బర్త్‌డేకి సత్యం అంకుల్ వస్తారుగా, అడుగుదాం," అన్నాడు.

శనివారం

సత్యం అంకుల్ గురించి చెప్పాలి. మేం కొత్తగా వచ్చినప్పుడు ఇల్లు దొరక్క తిరుగుతుంటే తన ఇంట్లో ఉంచుకున్నారు. ఫణికి మొదటి కాంట్రాక్టు దొరికింది కూడా ఆయన చెప్పిన మాట మీదే. మంచాయన, కాదనను. ఆయన ఎముకల డాక్టరు. మోకాళ్ళు మారుస్తారు. కానీ మనవాళ్ళ లెక్కలో డాక్టరంటే డాక్టరే. ప్రతి ఫంక్షనులోనూ భోజనాలయ్యాక ఆయన కుర్చీ పక్కన చిన్న క్యూ కడుతుంది. ఒకరి షుగరు, ఒకరి గ్యాసు, ఒకరి పిల్లాడి దగ్గు. ఆయన తాంబూలం నములుతూ అందరికీ చెబుతూనే ఉంటారు.

కమ్యూనిటీ హాల్లో స్పీకర్ల నిండా డాన్సు పాటలు, పిల్లల కేకలు. ఒక చెవితో ఆ రొద నాకు గుండెల మీద గుద్దినట్టుంది. ఫణి నన్ను తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టాడు.

"అంకుల్, మాధూకి చెవి బ్లాక్ అయిందండీ. కొంచెం చూస్తారా?"

ఆయన ఫోను టార్చి వేసి నా చెవి వైపు ఎంతసేపు చూశారో చెప్పనా? చేతిలో గులాబ్‌జామ్ పాకం కారకముందే చూడటం అయిపోయింది.

"వ్యాక్స్ అమ్మా, వ్యాక్స్. చెవిలో గులిమి. దానికి తోడు నువ్వు వినే ఆ డబడబ ఒకటి. పది రోజులు ఆ హెడ్‌ఫోన్లు పక్కన పడేసి, స్టీమ్ పట్టు. నథింగ్ టు వర్రీ."

"కళ్ళు తిరుగుతున్నాయి అంకుల్," అన్నాను.

"నిద్ర సరిపోక. మీ జనరేషన్‌కి నిద్రెక్కడిది," అని నవ్వారు. క్యూలో వెనకున్న ఆంటీ కూడా నవ్వింది.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటారు. మా మోకాళ్ళ డాక్టరు గారు ఆ రోజు ఆ పనే చేశారు. అక్కడికక్కడే ఆ మాట నేనూ అనలేదు, అంటే ఏమౌతుందో తెలుసు కాబట్టి. అసలు కోపం నాకు ఆ టార్చి మీద కాదు, ఆ తర్వాత జరిగినదాని మీద.

సోమవారం మా పేట క్లినిక్‌లో మామూలు డాక్టరు, ఇక్కడ జీపీ అంటారు, ఆవిడ దగ్గరికి వెళ్దామన్నాను. ఫణి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అంకుల్ చెప్పాక మళ్ళీ ఇంకో డాక్టర్ అంటే ఏం బావుంటుంది? ఆ క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి అంకుల్ వాళ్ళ కోడలి ఫ్రెండు. తెలిస్తే తన మీద మనకి నమ్మకం లేదనుకుంటారు. పది రోజులు చూద్దాం మాధూ."

"నా చెవి సంగతి ఆలోచించు."

"పది రోజులేగా."

అత్తయ్య కూడా అదే పాట. "అంత పెద్ద డాక్టరు చూసి చెప్పాక మళ్ళీ అనుమానమేవిటే? ఉండు, నే చూస్తాను." ఆవిడ పద్ధతిలో ఆవిడ చూశారు. వెల్లుల్లి రేకలు నూనెలో కాచి, గోరువెచ్చగా చల్లార్చి, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని చెవిలో పోశారు. ఆ చేతిలో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. ఆ ప్రేమ వల్లే నేనూ నోరు మూసుకుని రోజూ పడుకున్నాను. ఆఫీసుకి చెవిలో దూది, దూదిలోంచి తాలింపు వాసన. నా పక్క సీటాయన కిటికీ తెరిచి కూర్చునేవాడు.

మార్చి

పది రోజులు పోయి ఇంకా కొన్ని రోజులయ్యాయి. ఒక మధ్యాహ్నం హాసినిని స్కూలు నుంచి తీసుకొస్తూ రోడ్డు దాటుతున్నాను. లారీ హారను కొట్టింది. ఏ వైపునుంచో తెలియలేదు. కుడివైపు అనుకుని ఎడమకి జరిగాను, లారీ ఎడమనుంచే వస్తోంది. హాసిని నా బ్యాగు పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరం గడ్డి మీద పడ్డాం.

"అమ్మా, ఇట్ వాజ్ రైట్ దేర్! హౌ కుడ్ యూ నాట్ హియర్ ఇట్?" అని ఏడ్చింది పిల్ల. దాని మోచెయ్యి చీరుకుపోయింది.

ఇంటికి కూడా వెళ్ళలేదు. ఫణికి ఫోను చెయ్యలేదు. హాసినిని వెంటబెట్టుకుని నేరుగా మమ్మల్నెవరూ ఎరగని వేరే పేటలో క్లినిక్కుకి వెళ్ళాను. అక్కడి చిన్న వయసు డాక్టరమ్మ చెవిలో చూసి, ముక్కు ఎగబీల్చి, "ఈజ్ దట్ గార్లిక్?" అంది. నూనె తుడిచింది. లోపల వ్యాక్స్ గోరంత కూడా లేదు. తర్వాత శ్రుతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్క్, మోగించి నా నుదుటి మీద పెట్టి, చప్పుడు ఏ వైపు వినిపిస్తోందని అడిగింది. కుడి, అన్నాను. ఇంకోసారి పెట్టింది. కుడి. చెవికి అడ్డమేదైనా ఉంటే ఎడమలోనే గట్టిగా మోగాలట. అప్పటిదాకా నవ్వుతున్న ఆవిడ మొహం మారిపోయింది.

"మీరు ఇప్పుడే సిటీలో చెవి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. రేపు కాదు," అంది. నేనే అడిగాను, పాటల వల్లనా అని. "నో. లోపలి చెవి, నరం. చాలాసార్లు ఎందుకొస్తుందో కూడా తెలియదు. కానీ తొందరగా మందు మొదలుపెడితే చాలామందికి తిరిగొస్తుంది."

తొందరగా. ఆ ఒక్క మాట పట్టుకుని పార్కింగులో కూర్చుని ఏడ్చాను.

అప్పుడు ఫోను చేస్తే, సిటీ ఆసుపత్రికి ఫణి ఆఫీసునుంచి వచ్చాడు. వెయిటింగ్ రూములో నన్ను పిలిచారట, నాకు వినపడలేదు. పక్కనున్న గ్రీకు ముసలావిడ, రెండు చెవులకీ మిషన్లు పెట్టుకున్నావిడ, నా మోకాలు తట్టింది. "చెవిటి వైపు గోడకి పెట్టుకుని కూర్చో తల్లీ. మంచి చెవి గదికి ఇవ్వు. నలభై ఏళ్ళుగా అలాగే బతుకుతున్నాను," అని నాకు తన కుర్చీ ఇచ్చి తను లేచింది. ఆ నెలంతటిలో నా చెవి గురించి నాకు పనికొచ్చే మాట చెప్పింది ఆవిడొక్కత్తే.

డాక్టరు అడిగాడు, ఎప్పుడు మొదలైందని. చెప్పాను. "ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?"

నేను ఫణి వైపు చూశాను. ఫణి నేల వైపు చూశాడు. మొహమాటాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు రాలేదు. ఏవేవో అన్నాను. డాక్టరు పెన్ను ఆపి, "మొదటి రోజుల్లో వచ్చుంటే అవకాశం బాగుండేది," అని మెల్లగా అన్నాడు. తిట్టినా బాగుండేది.

బయటికొచ్చాక, అత్తయ్య ముందు ఫణిని పధ్నాలుగేళ్ళుగా అంటున్న 'మీరు' పోయింది. ఫోన్లో ఆవిడ వింటుండగానే అన్నాను. "నీ మొహమాటానికి నా చెవి పోయింది. విన్నావా? నీకు రెండున్నాయిగా, విను."

 అతని నోటినుంచి నాకు కావలసింది చాలా చిన్న మాట. 'ఆ రోజే తీసుకెళ్ళాల్సింది' అని ఒక్క ముక్క. అది రాలేదు. బదులుగా మందులు వేళకి ఇచ్చాడు, వంట చేశాడు, దీపం పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మా ఆయన్ని మించినవాడు లేడు.

ఏప్రిల్, మే

స్టెరాయిడ్ మాత్రలు మింగాను. మొహం ఉబ్బింది, నిద్ర పోయింది, నోటికి ఎవరు దొరికితే వాళ్ళ మీద పడ్డాను. తర్వాత కర్ణభేరిలోంచి సూదులు. ఆ నొప్పి రాయను. సూది వేశాక పక్కకి తిరిగి కదలకుండా పడుకోవాలి, గోడ మీద పగుళ్ళు చూస్తూ. ప్రతిసారీ చెవి పరీక్షగదిలో చిన్న కిటికీ అవతల కూర్చునే అమ్మాయి ముందు కూర్చుని, చప్పుడు వినిపిస్తే బటన్ నొక్కాలి. ఎడమ చెవి వంతు వచ్చినప్పుడు వినిపించకపోయినా ఆశకొద్దీ నొక్కేదాన్ని. ఆ అమ్మాయికి తెలిసిపోయేది. "మాధురీ, గెస్ చెయ్యొద్దు," అనేది నవ్వుతూ, ఆ నవ్వులో జాలి దాచుకోలేక.

చెవి తిరిగి రాలేదు.

ఇంట్లో అందరి మీదా అరిచేదాన్ని, కోపంతో సగం, నా గొంతు నాకే తెలియక సగం. "అమ్మా, యూ ఆర్ షౌటింగ్," అని హాసిని చెయ్యి నా భుజం మీద వేసి కిందికి నొక్కేది, వాల్యూమ్ తగ్గించినట్టు. ఒకరోజు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా పాట పెట్టాను. ప్రశ్న అడిగే గిటారు లేదు. నిశ్శబ్దం, తర్వాత జవాబు. మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ జవాబు. హెడ్‌ఫోన్స్ తీసి గోడకేసి కొట్టాను. హాసిని వాటిని ఏరి తెచ్చి, నా ఫోన్లో ఏదో నొక్కి, రెండు వైపుల పాటా ఒకే చెవిలోకి వచ్చేట్టు చేసింది. వచ్చింది. కానీ పప్పూ పులుసూ పెరుగూ ఒకేసారి కలిపి పెట్టినట్టు వచ్చింది. పిల్ల మొహం చూసి బాగుందన్నాను.

జూన్

ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. వెళ్ళనన్నాను, 'బావుండదు' అన్నారు. భోజనాల దగ్గర సత్యం అంకుల్ చుట్టూ పదిమంది. ఆయన చెబుతున్నారు, నా మంచి చెవి తన వైపే ఉందని తెలియక.

"లౌడ్ మ్యూజిక్ అమ్మా. ఎంత చెప్పినా వినరు. ఫణి భార్యనే చూడండి, పాపం, హెడ్‌ఫోన్లతో చెవి పోగొట్టుకుంది."

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏంటి కొరుకుతున్నావన్నాడట. నాకు శంఖం స్పష్టంగా వినిపించింది.

"అంకుల్," అన్నాను. కావాలనే గట్టిగా. "నా చెవి పాటల వల్ల పోలేదు. నరం దెబ్బతింటే మీరు వ్యాక్స్ అన్నారు. మీరన్నారని మేం ఆగాం. ఆగినందుకు పోయింది."

 ఆయన మొహం కందగడ్డ అయింది. "ఏవిటమ్మా ఆ మాటలు? ఏదో మన పిల్లవని ఫ్రీగా చూస్తే..."

"ఫ్రీగా చూశారు, ఫ్రీగానే పోయింది. నా మోకాలు నొప్పెడితే మీ దగ్గరికే వస్తానంకుల్. ఈ చెవి గురించి మాత్రం ఇంక మాట్లాడకండి."

ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "నిజవేనే, మాకు తెలీదు," అంది చిన్నగా. ఆయన మాత్రం లేచి వెళ్ళిపోయారు. ఫణి కాగితం ప్లేటు అంచులు మడుస్తూ నిలబడ్డాడు.

కారెక్కాక అన్నాడు, "అందరి ముందు అలా అనాల్సింది కాదు మాధూ. పెద్దాయన."

కారు అతనే నడుపుతున్నాడు. ఇండియాలోలాగే ఇక్కడా నడిపేవాళ్ళు కుడివైపు కూర్చుంటారు, కాబట్టి అతను చెప్పే ప్రతి ముక్కా నా మంచి చెవిలో పడుతుంది. దార్లో కారు ఆపమని, దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి డ్రైవరు సీట్లో నేను కూర్చున్నాను. అప్పటికి కళ్ళు తిరగడం తగ్గిందని డాక్టరు నడపడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఫణి నా ఎడమకి వచ్చాడు. ఇల్లు చేరేదాకా ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఆ రోజునుంచి కారు నేనే నడుపుతున్నాను.

ఆగస్టు

వెళ్ళొచ్చా అని పరీక్షగది అమ్మాయినే అడిగాను. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు. "నీకున్నది ఒక్క చెవి. దాన్ని కాపాడుకోవాలి," అంది. నా కుడి చెవి కొలత తీసుకుని ప్లగ్గు చేయించింది. స్పీకర్లకి దూరంగా నిలబడాలి. చెవిలో ఏ కాస్త తేడా అనిపించినా వెంటనే బయటికి రావాలి. చీకట్లో గుంపులో తూలిపోవచ్చు, ఒంటరిగా వెళ్ళకూడదు.

అత్తయ్య చేతులు జోడించారు. "ఉన్న ఒక్కదాన్నీ వాళ్ళకి బలిస్తావా తల్లీ?" నాకూ భయమే. ఆ వారమంతా భయమే. ఇది కూడా పోతే హాసిని గొంతు వినపడదు. టిక్కెట్టు రెండుసార్లు ఫ్రిజ్ మీంచి తీసేశాను, రెండుసార్లూ అంటించాను.

"నేనొస్తాను," అన్నాడు ఫణి. తనకీ ఒక టిక్కెట్టు కొని వచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా టక్ చేసుకుని. మా దగ్గరి స్టేషను టార్నీట్‌లో రైలెక్కినప్పటినుంచి నల్ల టీషర్టుల మధ్య బ్యాంకు మేనేజరులా కూర్చున్నాడు.

హాల్లో వెనక, మధ్యలో ఒక ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. లైట్లు పోయాయి. జనం ఒక్కసారి కదిలేసరికి తూలాను. వెనకనుంచి ఒక చెయ్యి ఆపింది. మెడదాకా పచ్చబొట్లు, బొజ్జదాకా గడ్డం. "యూ రైట్, లవ్?" అన్నాడు, బాగానే ఉన్నావా అని. నా ప్లగ్గు చూపించి, ఎడమ చెవి చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. అతను తన చెవులు చూపించాడు. రెండిట్లోనూ ప్లగ్గులు. అంతే, షో అయ్యేదాకా నా వెనక గోడలా నిలబడి ఎవర్నీ నా మీద పడనివ్వలేదు. అత్తయ్య చెప్పే రాక్షసుడు వాడే.

మొదటి దెబ్బకి డ్రమ్ము చెవిలోకి రాలేదు, అరికాళ్ళలోంచి వచ్చింది. కమ్మీ వణికింది, నా పక్కటెముకలు వణికాయి. గాయకుడు నిజంగా ముసలివాడైపోయాడు, పైస్థాయి అందుకోలేక మైకు జనానికి ఇచ్చేస్తున్నాడు. నేను అరిచాను. గొంతు ఎంత పెద్దగా ఉందో నాకు తెలియక్కర్లేదు, నన్ను తగ్గించేవాళ్ళు ఎవరూ లేరు. ఫిబ్రవరినుంచి కడుపులో పెట్టుకున్నదంతా అరిచాను, అంకుల్‌ని, నూనెని, పది రోజుల్ని, గుళ్ళో ఆంటీల్ని.

చివర్లో నా పాట వచ్చింది. చెవిలోకి మళ్ళీ అంతా కలగలిపే వచ్చింది. కానీ వేదిక మీద వాళ్ళిద్దరూ ఉన్నారు కదా, ఆ పక్కన ఒకడు, ఈ పక్కన ఒకడు. ఎడమవాడి వేళ్ళు కదిలాయి, ప్రశ్న. కుడివాడి వేళ్ళు కదిలాయి, జవాబు. చెవి కలిపేసినదాన్ని కళ్ళు విడదీసి చేతికిచ్చాయి. నాకు రెండు గిటార్లూ దొరికాయి. బెంగుళూరు బస్సు టిక్కెట్టునాటి పిల్లలా ఏడ్చాను.

పాట అయిపోయి, వాళ్ళు గిటార్లు మారుస్తుంటే కాస్త సద్దుమణిగింది. ఏదో అనిపించి తల తిప్పాను. ఫణి నా ఎడమ పక్కన, నా చెవికి నోరు ఆనించి మాట్లాడుతున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఎంతసేపటినుంచి చెబుతున్నాడో. చచ్చిన చెవిలో చెబుతున్నాడు. మరిచిపోయి అనుకోవడానికి లేదు, ఆరు నెలలుగా రోజూ చూస్తున్నవాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చొక్కా పట్టుకుని లాగి కుడివైపుకి తిప్పాను. ప్లగ్గు తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"ఇటు చెప్పు."

అతను చుట్టూ చూశాడు, ఎవరేమనుకుంటారో అన్నట్టు. అక్కడ తెలుగొచ్చినవాళ్ళు ఎవరూ లేరు. వంగాడు.

"ఆ రోజే తీసుకెళ్ళాల్సింది," అన్నాడు.

"వినపడలేదు. గట్టిగా."

"ఆ రోజే తీసుకెళ్ళాల్సింది మాధూ! అంకుల్ ఏమనుకుంటారో అని ఆగాను. నాదే తప్పు!"

గడ్డపాయన ఉలిక్కిపడి మా వైపు చూశాడు. వేదిక మీద డ్రమ్మరు కర్రలు పైకెత్తాడు. నేను తలూపి, ప్లగ్గు తుడిచి, చెవిలో పెట్టుకున్నాను.